మూతతో సహా

మా వదిన బల్ల కొనడానికి వెళ్తే ముందు బల్ల మొహం చూడదు. మంచినీళ్ళు అడిగి తాగుతుంది, నేల మీద చతికిలబడుతుంది, అన్నిటికన్నా కింది సొరుగు లాగి అందులో తల పెట్టి వాసన చూస్తుంది. అమ్మేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. "ఆవిడ పద్ధతి అంతేనండి" అని నేను పక్కనుంచి సర్దిచెబుతాను. పదిహేడేళ్ళుగా నా ఉద్యోగంలో సగం ఇలా సర్దిచెప్పడమే. మిగతా సగం టార్చి పట్టుకోవడం.

ఆవిడ కొనేది ఒక్క రకమే. మహాగని చెక్కతో చేసిన పాతకాలపు రాతబల్లలు. ముందువైపు ఏటవాలుగా మూత ఉంటుంది. దాన్ని ముందుకు వాలిస్తే అదే రాసుకునే చోటు. వాల్చిన మూత ఆనడానికి రెండు పక్కలా రెండు కర్రలు బయటికి వస్తాయి, వాటిని మేం చేతులంటాం. లోపల ఉత్తరాల గూళ్ళు, అగ్గిపెట్టెల్లాంటి చిన్న సొరుగులు, కింద బట్టలు పట్టేంత పెద్దవి. కుర్చీలూ మంచాలూ ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోదు. "వాటితో నాకు పేచీ లేదు, కొట్లో చోటే లేదు" అంటుంది.

ఈ వ్యాపారం మొదట మా అన్నయ్యది. అన్నయ్య కొనేవాడు, నేను వడ్రంగిని కాబట్టి బాగుచేసేవాణ్ణి, వదిన ఇంట్లో మిషను మీద బట్టలు కుట్టేది. ఒకరోజు మధ్యాహ్నం అన్నయ్య కొట్లోనే గుండె పట్టుకుని రెండు బల్లల మధ్య కూలబడ్డాడు. మళ్ళీ లేవలేదు. మూడో వారం బజారు నుంచి ముగ్గురు వ్యాపారులు విడివిడిగా వచ్చారు. "నీకెందుకమ్మా ఈ కర్రల గొడవ, మొత్తం మాకిచ్చెయ్" అన్నారు. వదిన ముగ్గుర్నీ ఒకటే ప్రశ్న అడిగింది, "ఇందులో అన్నిటికన్నా మంచిదేదండీ?" అని. ముగ్గురూ మూడు బల్లలు చూపించారు.

వాళ్ళు వెళ్ళాక నాతో అంది, "వీళ్ళకీ తెలీదన్నమాట. అయితే నేనూ నేర్చుకోవచ్చు."

నేనే నేర్పాను. చేతిరంపం గీతలు తిన్నగా ఉంటాయి, మిషను రంపం గీతలు వంపు తిరుగుతాయి. పాత మరమేకు తలలో గాడి సరిగ్గా మధ్యలో ఉండదు. వందేళ్ళు లాగిన సొరుగుకి అడుగు అంచులు అరిగి తీరాలి. ఇవన్నీ ఏడాదిలో పట్టేసింది. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు. నాకు తెలియనిది తనే ఒకటి కనిపెట్టింది. మూత వాల్చి, చెంప చెక్కకి ఆనించి, టార్చిని పక్కనుంచి బాగా కిందికి పట్టమంటుంది. అలా పడిన వెలుగులో, ఎప్పుడో ఎవరో కాగితం మీద నొక్కి రాసిన అక్షరాలు చెక్కలో సన్నటి గాట్లుగా కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు "ఇదిగో, ఇక్కడెవరో కూడిక తప్పు చేశారయ్యా!" అని పకపకా నవ్వింది. అన్నయ్య పోయాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

కొన్న ప్రతి బల్లకీ ఒక చీటీ కడుతుంది. ఏది పాతది, ఏది కొత్తది, ఎక్కడ అతికాం, అన్నీ అందులో ఉంటాయి. "కొనేవాడికే పట్టనప్పుడు మనకెందుకు వదినా? కందకు లేని దురద కత్తిపీటకా?" అన్నానొకసారి. "మీ అన్నయ్య కొట్టు ఇది. ఆయన మాట మీద నడిచింది" అంది. బజారులో ఆవిణ్ణి టార్చక్క అని ఏడిపిస్తారు గానీ, ఆవిడ చీటీ ఉన్న బల్లని మళ్ళీ తెరిచి చూసేవాడు లేడు.

అన్నయ్య మాట అని ఆవిడ అన్నప్పుడల్లా నాకు లోపల ముల్లు గుచ్చుకునేది. నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరూ అంటారు. ఒక్క గింజ మాత్రం ఏళ్ళ తరబడి నానింది.

పాతికేళ్ళ కిందట అన్నయ్య ఒక మంచి బల్ల కొన్నాడు. తీరా ఇంటికి తెచ్చి చూస్తే మూత వెనకంతా చెదలు. "కొత్త మూత చెయ్యరా, ఎవరికీ తెలియకూడదు" అన్నాడు. విరిగిన పాత బీరువా తలుపులోంచి మహాగని పలక తీసి చేశాను. టీ డికాక్షన్‌తో రంగు తెచ్చాను. చేతులు ఆనే చోట ఇసకతో అరగదీశాను. పాత మరమేకులే బిగించాను. కలం విదిలించి సిరా మరకలు కూడా వేశాను. తప్పనిపించిందా అంటే, లేదు. గర్వంగా అనిపించింది. దాన్ని అంతా పాతదేనని చెప్పి అన్నయ్య ఒక లెక్కల మాస్టారికి అమ్మాడు. "చెక్క పాతదే కదరా, అబద్ధమెక్కడుంది?" అన్నాడు నాతో. అలాంటిది అదొక్కటే. కానీ ఒక్కటైనా ఉంది, వదినకి తెలియదు.

రెండేళ్ళ కిందట ఆ మాస్టారు ఫోన్ చేశారు. రిటైరయ్యారట, మోకాళ్ళ నొప్పులతో కింది అంతస్తులో చిన్న వాటాలోకి మారుతున్నారట, అక్కడి గుమ్మంలో బల్ల పట్టదట. ఫోన్ పెట్టేసి వదిన, "మీ అన్నయ్య అమ్మిన బల్ల తిరిగొస్తోందయ్యా!" అంది. చిన్నపిల్లలా ఉంది మొహం.

నడుం నొప్పన్నాను. "నడుంతో టార్చి పడతావా? చేత్తో కదా. పద" అంది.

మాస్టారి ఇంట్లో బల్ల కిటికీకి దూరంగా, ఎండ తగలకుండా గోడవారగా ఉంది. పైన దుప్పటి కప్పి ఉంది. ఆయన ముందు రసీదు తెచ్చి చూపించారు, మడతల్లో చిరగకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. అన్నయ్య దస్తూరీ. వదిన దాన్ని చాలాసేపు చదివింది. ఉన్నది రెండు వాక్యాలే. చదివి, మడిచి, కింద కూర్చుంది.

సొరుగులన్నీ బాగున్నాయి. వెనక పలకలూ బాగున్నాయి. "పైది చూద్దాం" అంది. మూత వాల్చాను. చెంప ఆనించింది.

నేను టార్చి ఎత్తి పట్టుకున్నాను. పైనుంచి వెలుగు పడితే గాట్లున్నా లేకున్నా ఒకటే.

"కిందికి పట్టు."

కొంచెం దించాను.

"ఇంకా కిందికయ్యా. కొత్తా నీకు?"

చెయ్యి కదల్లేదు. ఆవిడే నా చేతిలోంచి టార్చి తీసుకుంది. మూత ఈ చివర నుంచి ఆ చివరదాకా వెతికింది. నేను వేసిన సిరా మరకలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అక్షరం మాత్రం ఒక్కటి లేదు.

"మాస్టారూ, మీరు దీని మీద ఎప్పుడూ రాసుకోలేదా?"

"అమ్మో! ఇంత పాత వస్తువు మీదా? చెయ్యి రాలేదమ్మా. రాసుకోవడం అంతా వంటింటి బల్ల మీదే."

"మీకు ముందువాళ్ళు కూడా రాసుకోలేదు" అంది వదిన మెల్లిగా. సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, మూత మడతబందు ఒకటి ఊడదీసింది. దాని కింద ఉలితో తీసిన గాడి ఉంటుంది. నాది ఎడమచేతి వాటం. నా ఉలిగాట్లు అందరివాటికీ ఎదురు వాలుతాయి. పదిహేనేళ్ళు నా పక్కన కూర్చుని వాటిని చూసిన మనిషి ఆవిడ. గాడి చూసింది. నావైపు చూడలేదు. మడతబందు మళ్ళీ బిగించింది.

"మాస్టారూ, ఈ మూత పాతది కాదండీ. మా కొట్లో చేసిందే. మీకు అబద్ధం చెప్పి అమ్మాం."

మాస్టారు కళ్ళజోడు తీశారు. "అంటే నేను ఇన్నేళ్ళూ రాయకుండా కాపాడింది కొత్త చెక్కనా అమ్మా?" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. నాకు తల ఎత్తాలనిపించలేదు.

"మూతతో సహా పాతదైతే ఎంతిస్తానో అంతా ఇస్తాను. మీరు వద్దనకూడదు" అంది వదిన. ఆయన వద్దన్నారు. ఆవిడ వినలేదు.

బల్లని వ్యాను ఎక్కించి బయల్దేరాం. సగం దూరం వచ్చాక నేను ఉండబట్టలేక, ఆలోచించి పెట్టుకున్న మాట అనేశాను. "నేనే చేశాను వదినా. అన్నయ్యకి తెలీదు. చెదలు పట్టిందని చెప్పకుండా నేనే మార్చేశాను." నా మీద కోపం వస్తే రానీ, అన్నయ్య మీద రాకూడదనుకున్నాను. ఆవిడ పదిహేనేళ్ళు నిలబడ్డది ఆ ఒక్క నమ్మకం మీదే.

వదిన ఒళ్ళో సంచి సర్దుకుంది. "రసీదు మీద ఏం రాశాడో చూశావా?"

"లేదు."

"'బల్ల, మూతతో సహా, పూర్తిగా పాతది.' మూత సంగతి ఆయన్నెవరడిగారు? సొరుగులతో సహా అని రాయలేదే, కాళ్ళతో సహా అని రాయలేదే? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు లేదూ?"

నేను రోడ్డు వైపే చూస్తూ బండి నడిపాను.

"రసీదు చదవగానే తెలిసింది. చెంప ఆనించింది నా అనుమానం అబద్ధం కావాలనే" అంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మూత బాగా చేశావు. మాటే బాగాలేదు. ఆయన ఒకటి అమ్మాడు, చాలు. నువ్వు నాకింకోటి అమ్మకు."

పదకొండు రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు. టీ మాత్రం వేళకి పంపించింది. పన్నెండో రోజు ఆ బల్లకి చీటీ కట్టింది: "మూత కొత్తది. చేసింది మా మరిది. పాతదని చెప్పింది మా ఆయన. ఇది అమ్మం." అన్నయ్య సంగతి ఎందుకు, కొట్టెయ్యమని బతిమాలాను. "ఊళ్ళో బల్లలకో న్యాయం, మన బల్లకో న్యాయమా?" అంది. వచ్చినవాళ్ళు చదివి నవ్వుతారు. ఆవిడా నవ్వుతుంది. నాకింకా నవ్వు రాదు.

బల్లని కొట్లో కిటికీ దగ్గర, ఎండ పడే చోటే వేయించింది. చీటీలన్నీ ఇప్పుడు దాని మీదే రాస్తుంది. కింద అట్ట పెట్టదు, గుడ్డ పరవదు, పలచటి కాగితం నేరుగా చెక్క మీద పెట్టి బాల్‌పెన్నుతో నొక్కి రాస్తుంది. "గాట్లు పడతాయి వదినా" అంటే, "పడనీ" అంటుంది.

మొన్న ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. మూత మీద చెంప ఆనించి, ఈసారి ఎవరూ చెప్పకుండానే టార్చి కిందికి పట్టాను. నేను పెట్టలేకపోయిన అక్షరాలు మూతంతా పడ్డాయి. ఎక్కువగా "కొత్తది", "కొత్తది" అని, ఒకదాని మీద ఒకటి. కుడివైపు మూల, ఆవిడ ఖాళీగా ఉన్నప్పుడు చెయ్యి పెట్టుకుని కూర్చునే చోట, ఏ చీటీలోనూ రాయాల్సిన అవసరం లేని మా అన్నయ్య పేరు. లెక్కపెట్టలేనన్నిసార్లు ఉంది.