సొంత పాటల పోటీ

లింగస్వామి పాట కట్టేటప్పుడు తొడమీద దరువేస్తాడు. చరణం కుదిరితే మెడలోని ఎర్రతువ్వాల దులిపి మళ్లీ వేసుకుంటాడు. నల్లగొండ సొంత పాటల పోటీకి మాత్రం ఈసారి ఒక్క చరణమూ కుదరలేదు. వరినాట్లలో తమ ఊరి బిక్షమ్మ కట్టిన పాటను తనదేనని రాయించి, బృందంతో వేదికెక్కాడు. పల్లవి అన్నాడో లేదో, చూడవచ్చిన ఊరి ఆడవాళ్లు పొలంలో అలవాటుకొద్దీ చరణం తామే అందుకున్నారు. దొరికిపోయాననుకున్నాడు. న్యాయనిర్ణేతలేమో "పాట అప్పుడే జనంలోకి పోయింది!" అని మురిసి, మొదటి బహుమతి ఇచ్చి శాలువా కప్పారు. కిందికి దిగగానే బిక్షమ్మ ఎదురొచ్చి అతని శాలువా సర్దింది.

"మైకుల నా పేరు చెప్పినవా కొడుకా? డప్పుల మోతకు మాకు ఇనవడలే."

"చెప్పిన అవ్వా," అన్నాడు, నేల చూస్తూ.

ఆమె గిరుక్కున వెనకున్న ఊరి ఆడవాళ్ల వైపు తిరిగింది. "ఇన్నరే? నా పేరు చెప్పిండంట!"