బోణీ ఇంటికిచ్చిన మాట

మొన్న ఓటేసి వస్తూ దారిలో ఒక పండుగప్ప చేప కొనుక్కొచ్చాను. కొళాయి కింద తోముతుంటే ఎడమచేతి చూపుడువేలి గోరు మీద ఆరీఆరని సిరా, దాని పక్కనే అంటుకున్న పొలుసు, రెండు వాసనలూ కలిసి ముక్కుకు తగిలాయి. చేప అక్కడే వదిలేసి కాసేపు గోడకి ఆనుకుని నిలబడ్డాను. అది మా అమ్మ చేతి వాసన. నా చిన్నప్పుడు ఓట్ల మర్నాడు ఆవిడ నాకు జడ వేస్తుంటే చెవి పక్కగా వచ్చిన వాసన.

మా జాలరిపేటలో పొద్దు పొడవక ముందే పడవలు ఒడ్డుకొచ్చేవి. ఇసకలో పోసిన చేపల చుట్టూ ఆడవాళ్లు మూగి, కేకలేసి, బేరాలాడి, గంపలు నెత్తికెత్తుకుని తలో దారినా వెళ్లిపోయేవారు. వేసవిలో ఎండుచేపల ఘాటు, వానాకాలంలో తడిసిన వలల ముక్కిన వాసన, పండగలకి బూరెలు వేగుతుంటే ఆ నూనె వాసన కూడా చేప వాసన మీదుగానే రావాలి. అన్నీ ఉన్న మా పేటలో మంచినీళ్లు మాత్రం లేవు. నూతి నీళ్లు ఉప్పన. తాగడానికి బిందె పట్టుకుని మెరకవీధి మేడల దాకా వెళ్లి, వాళ్ల పని అయ్యేదాకా గేటు బయట నిలబడాలి. నాకు బిందె బరువుకంటే ఆ నిలబడటమే ఎక్కువ కష్టంగా ఉండేది.

అందుకే ఆ ఏడు వార్డు ఎన్నికలొస్తే మా పేట ఊగిపోయింది. మైకు కట్టిన రిక్షా వెనక రంగుకాగితాల కోసం పరిగెత్తాం, గోడలకి పూసిన మైదా జిగురు ఆరకముందే మేకలు పోస్టర్లు నాకుతుంటే అదిలించాం, ఇసకలో గొయ్యి తీసి అదే ఓట్లపెట్టె అనుకుని పీత డిప్పలు వేసి మా ఓట్లు మేమే లెక్కపెట్టుకుని మేమే దెబ్బలాడుకున్నాం. పేట తరఫున నిలబడ్డాయన గుర్తు నిచ్చెన. ఆయన గెలిస్తే వీధి మొదట్లో కొళాయి వేయిస్తానన్నాడు.

పోలింగు ముందు ఆదివారం అమ్మవారి గుడి దగ్గర పసుపునీళ్ల బిందె పెట్టారు. సముద్రం మీద చేపల వేట ఏ రోజు ఆపాలన్నా, ఎవరి తగువు ఎలా తీర్చాలన్నా ఆ బిందె దగ్గరే తేలాలి. ఇంటికొకరు అందులో చెయ్యి ముంచి నిచ్చెనకే వేస్తామని అనాలి. నాన్న వేటకెళ్లి ఉండటంతో అమ్మే వెళ్లి చెయ్యి ముంచింది. పేటకి పెద్ద మా పెదనాన్న. కాలి బొటనవేలికి వల తగిలించి అల్లుకుంటూనే కళ్లెత్తకుండా తలూపాడు. అంతటితో అయిపోతే ఈ కథే లేదు.

మా అమ్మ బోణీ మెరకవీధిలో ఒక అమ్మగారింట్లో. బోణీ ఇంట్లో ఏమడిగినా కాదనకూడదని మా ఆడవాళ్ల పట్టింపు. కాదంటే ఆ రోజు గంప దిగదు, చేప అమ్ముడుపోదు. కూర కోసి ఇమ్మన్నా, వాకిట్లో తులసికోటకి నీళ్లు పొయ్యమన్నా అమ్మ చేసి పెట్టేది. ఆ అమ్మగారి తమ్ముడు తక్కెడ గుర్తు మీద నిలబడ్డాడు. ఒకరోజు గంప దించీ దించకముందే, ‘మీ ఇంట్లో నీ ఓటైనా మా వాడికి వెయ్యాలి సుమా’ అంది ఆవిడ. అమ్మ అలవాటుగా, ‘అలాగేనమ్మా’ అనేసింది.

ఇక పాతవూళ్లో వలదారం అమ్మే సాయిబుగారు. నాకు విషజ్వరం వచ్చి ఒళ్లు తెలియకుండా పడి ఉంటే తన దుకాణం మూసి, నన్ను రిక్షాలో ఒళ్లో పెట్టుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లిన మనిషి. ఆయన అల్లుడు మా వార్డులోనే కాపురం, గుర్తు గొడుగు. సాయిబుగారు నోరు తెరిచి అడగలేదు. ‘మా వాడు నిలబడ్డాడమ్మా’ అన్నాడంతే. అమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. ‘నీ మాట దాటతానా బాబూ’ అంది.

ఆ సాయంత్రం పొయ్యి మీద కవ్వళ్ల చేపల పులుసు ఉడుకుతోంది. అమ్మ గరిటె పట్టుకుని కదలకుండా కూర్చుంది. వేట నుంచి వచ్చిన నాన్నని అడిగింది.

‘ఏటి సెయ్యమంటావు? ముగ్గురికీ మాటిచ్చీసాను.’

‘ఇందులో ఏటుంది? కులం మాటే మాట’ అని నాన్న కంచం ముందుకి జరుపుకున్నాడు.

‘మరి మిగతావోళ్లకి నాను అబద్దమాడినట్టు కాదేటి?’

ఆయన చెంబు అందుకుని చేతులు కడుక్కున్నాడు. ఇచ్చిన మాట తప్పకూడదని మా బడి మాస్టారు చెప్పారు. మాటలు మూడైనప్పుడు ఏం చెయ్యాలో చెప్పలేదు. నాకు తెలిసింది ఒక్కటే, గుద్దిన ముద్ర సిరా రెండోవైపు అంటుకోకుండా ఓటు కాగితం ఎలా మడవాలో. ఆ విద్య మాత్రం అమ్మకి క్యాలెండరు కాగితం మీద శ్రద్ధగా నేర్పాను.

ఓట్లనాడు అమ్మ గంప ఎత్తలేదు. తలంటుకుని, పండగ చీర కట్టుకుని ఓటెయ్యడానికి బడికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. మర్నాడు పొద్దున్నే నాకు జడ వేస్తూ నెమ్మదిగా చెవిలో చెప్పింది.

‘ముగ్గురికీ గుద్దీసానే పిల్లా. ఎవులికీ మాట తప్పలేదు.’

నేను గిరుక్కున తిరిగాను. జడ ఊడిపోయింది. ‘అలాగేస్తే చెల్లదమ్మా! ఒక్కరికే వెయ్యాలి’ అన్నాను.

‘సెల్లదంటే?’

‘ఎవరికీ పడదు. పక్కన పారేస్తారు.’

అమ్మ చేతిలో రిబ్బను అలాగే ఉండిపోయింది. ‘ఐతే నాను ఎవులికీ ఎయ్యలేదా?’ అంది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మోసం చేసిందో మోసపోయిందో ఆవిడకి తెలియలేదు. నాకూ తెలియలేదు.

తక్కెడ గెలిచింది. అమ్మగారు అమ్మ చేతిలో లడ్డూ పెట్టి, ‘నీ ఓటు కలిసొచ్చింది’ అంది. ఆ లడ్డూ అమ్మ తినలేదు, మాకూ పెట్టలేదు, కాకులకి వేసింది. అల్లుడు ఓడిపోయినా సాయిబుగారు, ‘నువ్వు వేశావు, అదే చాలు తల్లీ’ అన్నాడట. ఆ రోజు అమ్మ దారం కొనకుండానే తిరిగొచ్చేసింది. మా పేట వాళ్లేమో ఎవరు బిందె మాట తప్పారా అని ఒకరి మొహాలొకరు అనుమానంగా చూసుకున్నారు. ఇంకా విచిత్రం, మేం వెయ్యని తక్కెడాయనే కొన్నాళ్లకి మా వీధి మొదట్లో కొళాయి వేయించాడు. నీళ్లు మాత్రం సరిగ్గా పడవలొచ్చే వేళకే వచ్చేవి, ఆడవాళ్లంతా ఒడ్డున ఉన్నప్పుడు. ఇది గెలుపో ఓటమో నాకు అంతుపట్టలేదు.

మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు అమ్మ ఎవరికీ మాటివ్వలేదు. బిందె దగ్గరికి నాన్ననే పంపింది. బోణీ ఇంటి వాకిట్లో, ‘సేప సంగతి అడుగమ్మా, సెప్తాను. ఓటు సంగతి అడక్కు’ అందట. ఆ రోజు గంప నిజంగానే దిగలేదు. మిగిలిన చేపల్ని మేమే తిన్నాం. అమ్మ ఓటేసి వచ్చాక ఎవరికి వేశావని కొంగు పట్టుకుని వేధించాను.

‘ఒక్కలికే ఏసాను’ అంది. కొంగు విడిపించుకుని పొయ్యి రాజేసింది.

ఇప్పుడు పసుపునీళ్ల బిందె లేదు. వలదారం దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. గంప నెత్తిన పెట్టుకుని మెరకవీధి ఎక్కేవాళ్లు ఒకరో ఇద్దరో. కాగితమూ ముద్రా పోయి మిషను వచ్చింది. దాని మీద ఒక్కటే నొక్కనిస్తారు. చదువుకున్నదాన్ని, రోజూ పేపరు చూసేదాన్ని, అయినా ఆ మిషను చుట్టూ పెట్టిన అట్ట చాటున నిలబడితే నాకు ప్రతిసారీ ఓటడిగిన అందరి మొహాలూ గుర్తొస్తాయి, వేలు ముందుకి సాగదు. మొన్నా అంతే. లోపల అధికారి దగ్గాడు. కళ్లు మూసుకుని కాదుగానీ, దాదాపు అలాగే నొక్కి బయటపడ్డాను. సరైనవాళ్లకే వేశానా అంటే చెప్పలేను.

పొలుసు కడిగేశాను, సిరా పోలేదు. అమ్మ ఆ రెండోసారి ఎవరికి వేసిందో పోయేముందైనా చెబుతుందేమోనని ఆఖరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని అడిగాను. ఆవిడ నవ్వింది. ‘అదొక్కటీ నాదే, పిల్లా’ అంది.