క్రిస్మస్ తాత తెచ్చిన గౌను

నిన్న టెక్కలి బస్టాండులో ఎర్ర టోపీలు అమ్ముతుంటే నాన్న గుర్తొచ్చాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ కోసం పలాస వెళ్లొచ్చేవాడు. క్రిస్మస్ తాత ఏదడిగినా ఇస్తాడని బడిలో విని, "మా నాన్నకి నయం చెయ్యి" అని రాసి తలగడ కింద పెట్టాను. క్రిస్మస్ నాడు తెల్లారి చూస్తే అక్కడ కొత్త గౌను ఉంది.

"నాను ఇది అడగనేదు! తాత అబద్ధం!" అని ఏడుస్తూ విసిరికొట్టాను.

నాన్న గౌను తీసి దులిపాడు. "తాత ఉన్నాడే తల్లీ. నువ్వడిగింది ఆయన సంచిలో నేదు, ఏటి సేత్తాడు? ఓపాలి తొడుక్కుని సూపించు" అని బతిమాలాడు.

నేను తొడుక్కోలేదు. ఉగాది రాకముందే నాన్న పోయాడు.

నా ఉత్తరం చదివింది నాన్నేనని, చదివాక ఆ జబ్బు ఒంటితోనే బజారుకెళ్లాడని పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు.