డాక్టరమ్మ కుర్చీ

సూరత్‌లో మేముండే లింబాయత్ సందులోని ఆ చర్మవ్యాధుల డాక్టరమ్మ రోగి రాగానే తన కుర్చీలోంచి లేచేది. మైక్రోస్కోపు ముందు అతణ్ణే కూర్చోబెట్టి, "పెహలే ఆప్ దేఖో," ముందు మీరే చూడండి, అనేది. కొత్త వింతను చూపించే పిల్లలా ఆమె కళ్ళు మెరిసేవి.

కరోనా రెండో ఏడు, సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే నాన్నకు నడుం చుట్టూ తామర పాకింది. మందుల దుకాణంలో కొన్న ఒకే ట్యూబును ఇంటిల్లిపాదీ రాసుకుని, దురద తగ్గగానే మానేసేవాళ్ళం. అది మరింత పెరిగేది. బ్లాక్ ఫంగస్ అని పుకారు లేచింది. అది పూర్తిగా పోయేదాకా పనిలోకి రావద్దన్నాడు సాంచాల యజమాని సేఠ్.

నేను తీసుకెళ్తే, డాక్టరమ్మ నాన్న చర్మం కాస్త గీకి, గాజుపలక మీద ద్రావణం చుక్క వేసి, కుర్చీ ఇచ్చింది. బట్టలో లోపం వెతికినట్టు నాన్న చాలాసేపు చూశాడు.

"గివి పోగులే బిడ్డా. కొమ్మలేసిన పోగులు."

నేను హిందీలో చెప్పగానే ఆమె చప్పట్లు కొట్టింది. ఫంగస్ అంటే అదేనట, కానీ ఇది బ్లాక్ ఫంగస్ కాదట. ట్యూబులోని స్టెరాయిడ్ దురదను అణచి, పోగులను పెంచుతుందట. దాన్ని పారేయించి మాత్రలు రాసింది. ఎవరి తువ్వాలు వాళ్ళే వాడాలంది.

కొన్ని వారాలకు దురద పోయింది.

"ఇగ గోలీలు బంద్ వెట్టు," అంది అమ్మ.

"దురద పోతె పోగులు పోయినట్టా? ఆ కుర్చీల కూసుంటెనే తెలుస్తది," అన్నాడు నాన్న.

మందు ఆపకుండా వాడి, మళ్ళీ వెళ్ళాం. ఆమె అప్పటికే లేచి నిలబడింది. నాన్న చూసి చూసి తలెత్తాడు.

"ఒక్క పోగు లేదు. పోగు లేదని గింత ఖుషైన నేతగాడు సూరత్‌ల ఇంకోడుండడు."

నేను హిందీలో చెప్పేలోపే ఆమె చప్పట్లు కొట్టేసింది.