నాలుగు నెలల సున్నాలు

మొన్న మా మేనకోడలు తన చీరల వ్యాపారానికి ప్రణాళిక కావాలని ఫోన్‌ని అడిగితే, నేను కాఫీ గ్లాసు కింద పెట్టేలోపే అది పన్నెండు పేజీలు రాసి చూపించింది. ప్రతి నెలా అమ్మకాలు ఎలా పెరుగుతున్నాయో చూడమని పిల్ల మురిసిపోతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. అంత అందమైన కాగితాలు నేనూ ఒకసారి రాశాను.

నర్సీపట్నంలో ముప్పై ఏళ్ళు కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైన మరుసటి ఏడాది అది. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఎండుచేపలు ఆన్‌లైన్‌లో అమ్ముతానని, బ్యాంకులో అప్పుకి బిజినెస్ ప్లాన్ అడిగారని వచ్చింది. వాళ్ళ అత్తగారు సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన మనిషి, మా మార్కెట్లో ఎండుచేపలు అమ్మేది. నేను ఏళ్ళ తరబడి నెత్తళ్ళు కొన్నది ఆవిడ దగ్గరే. ఆవిడ పేరున ఉన్న రెండు గదుల ఇల్లే అప్పుకి హామీ. కోడలు అప్పటికే ప్రైవేటు బడిలో ఉద్యోగం మానేసి కూర్చుంది.

మూడు రోజులు కూర్చుని, పాఠం చెప్పే చేతికి అదొక లెక్కా అన్న ధీమాతో పన్నెండు నెలలకీ అమ్మకాలు నింపి, టైపు చేయించాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలతో ఆ ఏడాది దరఖాస్తులు తీసుకోవడం ఆపేస్తారు. పదకొండు గంటలకి వాళ్ళింటికి వెళ్ళి వేలిముద్ర వెయ్యమంటే, ఆవిడ ముందు అందులో ఏముందో చదవమంది. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోతున్నాను. నెలల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏటమ్మా ఇది? ఏసంగిలో రెండు నెల్లు సంద్రంలో ఏట బందు. సేపెక్కడిది? వానల్లో రెండు నెల్లు ఎండే ఉండదు. సరుకెలా ఎండుద్ది?"

బ్యాంకువాళ్ళ కోసం అందరూ అలాగే రాస్తారని, అది పట్టించుకోనక్కర్లేదని సర్దిచెప్పబోయాను. అంత చదువుకున్నదాన్ని ఆ మాట ఎలా అన్నానో ఇప్పటికీ అర్థం కాదు.

"బేంకోల్లు నమ్మితే సాలదు టీచరమ్మా. రేపు ఆ సరుకు రాపోతే పోయేది నా ఇల్లు," అని చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

కోడలు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఇంత దూరం వచ్చాక కాదంటే తానేం కావాలని అత్తగారిని నిలదీసింది. గడియారం పన్నెండు దాటింది. చివరికి నేనే పెన్ను తీసి, ఏ నెలలో ఏ చేప దొరుకుతుందో చెప్పమన్నాను. ఆవిడ చెబుతుంటే తెల్లకాగితాల మీద చేత్తోనే రాశాను. నాలుగు నెలల ఎదురుగా సున్నాలు పెట్టాల్సి వచ్చినప్పుడు ఈ కాగితం చూస్తే ఎవరు అప్పిస్తారా అనుకున్నాను. ఆవిడ మాత్రం అదంతా నాతో మళ్ళీ చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేసింది.

ఆటోలో ముగ్గురం ఇరుక్కుని బ్యాంకు చేరేసరికి రెండుకి పది నిమిషాలుంది. మేనేజరుగారు సున్నాల దగ్గర ఆగి, ఈ నెలల్లో ఎలా బతుకుతారని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ, "ఇన్నాల్లూ ఎలా బతికేమో అలాగే బాబూ. కూలికెల్తాం," అంది. ఆయన ఆ కాగితం మీద ముద్ర వేసి, లోపలికి తీసుకున్నారు.

అడిగినదాంట్లో సగమే ఇచ్చారు. కోడలు నాతో నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఏడాది వానలు తెరిపి లేకుండా కురిసి, పంపిన పార్సిళ్ళు కూడా చెమ్మెక్కి తిరిగొచ్చాక, మొత్తం ఇచ్చి ఉంటే ఇల్లు నిలిచేది కాదని ఆ అమ్మాయే వచ్చి చెప్పింది. దుకాణం నిలదొక్కుకుంది, ఇప్పుడు ఎక్కడెక్కడి ఊళ్ళకో సరుకు వెళుతోంది.

పెద్దావిడకి మోకాళ్ళు పట్టేశాయి, మార్కెట్‌కి రావడం మానేసింది. ఆవిడ కూర్చునే చోట ఎవరో ప్లాస్టిక్ డబ్బాలు అమ్ముతున్నారు. ఇప్పుడు నాకు ఏం కావాలన్నా ఇంటికే వస్తోంది. కొనమని రోజుకి పదిసార్లు ఫోన్ మోగుతోంది. సంచీ పట్టుకుని వెళ్ళిన నన్ను ఎగాదిగా చూసి, సరుకు మెత్తబడింది, ఈ వారం కొనకు తల్లీ అని వెనక్కి పంపేసే మనిషి మాత్రం మళ్ళీ ఎక్కడా కనబడలేదు.