కార్తేజ్‌లో పొయ్యి మీద కుండ

ఇవాళ మధ్యాహ్నం చింతామణి ఊళ్ళో మా ఇంట్లో అమ్మ నానబెట్టిన అనపగింజలు పొట్టూడేలా పితుకుతుంటే, పక్కనే మా అమ్మాయి ఫోన్‌లో ఆటలో రోమన్ సైన్యాన్ని నడిపిస్తూ ప్రాచీన కార్తేజ్ నగరాన్ని తగలబెడుతూ కూర్చుంది. ఒళ్ళు మండి, అసలు చరిత్ర చెప్పాను.

"నిజంగానే ఇల్లిల్లూ దూరి నరికినారు. నిప్పు పెడితే ముసలోళ్ళు, పిల్లోళ్ళు కాలతా వీధిలో పడినారు. మిగిలినోళ్ళని బానిసలుగా అమ్మేసినారు."

"ఆటలో ఎవురూ లేరు నాయనా. ఇండ్లన్నీ ఖాళీనే," అంది అమ్మాయి.

అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ఫోన్‌లోకి వంగింది.

"పొయ్యి మండతాండాది, కుండ ఉడకతాండాది. ఖాళీ ఇల్లెట్లయితాదే?"

అమ్మాయి వేలు ఆగింది. అప్పటికే ఆటలో ఆ ఇంటి పైకప్పు కూలిపోయింది.

ఇంత చరిత్ర చదివిన నాకు ఆ కుండ కనబడనేలేదు. మీ పిల్లలు ఇవాళ ఏ ఊరు కాల్చారు? పొయ్యి మీద ఏముందో చూశారా?