బిడ్డ జబ్బు సంగతి చెబితే వచ్చిన నోటీసు

2022లో ఆ సంగతి నాకు మొదట చెప్పింది మా బడి ఆయా సాలమ్మ. వేంపల్లె దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో అప్పుడు నేను ఐదో తరగతి టీచర్ని. ఇంట్లో అమ్మ దగ్గర అక్షరాలు నేర్చుకుని, ప్రైవేటుగా పరీక్షలు కట్టి పైకి వచ్చిన నాకు ఆ ఉద్యోగం దేవుడు చేసిన మేలు.

"మేడమ్, మీ క్లాసు హారిక బాత్రూముకు పోయిన చోట చీమలు పడతాండాయి. ఊరికే నీళ్లు తాగతాది. శానా చిక్కిపోయింది బిడ్డ" అంది.

తండ్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్కూల్ డైరీలో, అంటే తల్లిదండ్రులు రోజూ చూసి సంతకం పెట్టే పుస్తకంలో, "షుగర్ ఉందేమో, రక్తపరీక్ష చేయించండి" అని రాసి పంపాను. అదే నా పొరపాటు. బస్సులో తోటిపిల్లలు చదివేశారు.

మూడోనాడు లాయర్ నోటీసు వచ్చింది. పరువు తీశానట, రాసి క్షమాపణ చెప్పకపోతే కోర్టుకు లాగుతారట. దాని వెంటే తండ్రీ వచ్చాడు.

"ఏమమ్మా, నువ్వు టీచరువా, డాక్టరువా? రేపు నా కూతుర్ని ఎవరు చేసుకుంటారు?"

పదేళ్ల పిల్లకు పెళ్లి దిగులు!

"పరీక్ష చేయించినారా అన్నా?" అని అడిగాను. ఇంకా లేదన్నాడు. నోటీసు రాయించడానికి కడప దాకా పోయి వచ్చిన మనిషికి, అక్కడే ల్యాబులో బిడ్డ వేలి రక్తం చూపించే తీరిక దొరకలేదు.

మా స్కూలు నడిపే కరస్పాండెంటు క్షమాపణ కాగితం ముందు పెట్టాడు. నేను సంతకం చేయలేదు. ఎవరు చెప్పారీ సంగతి అని అడిగితే, దాచేదేముందని సాలమ్మ పేరు చెప్పాను.

తెలిసిన లాయరును అడిగాను. బిడ్డ మేలు కోరి తల్లిదండ్రులకు చెప్పిన మాట మామూలుగా పరువునష్టం కాదన్నాడు. అయితే జబ్బు పేరు మనం రాయకూడదు, కంటితో చూసింది మాత్రమే రాసి, కవరు అంటించి ఇవ్వాలి అన్నాడు.

రెండ్రోజులకే హారిక క్లాసులో పడిపోయింది. సాలమ్మే భుజాన వేసుకుని ఆటో ఎక్కించింది, ఆస్పత్రి దాకా ఒళ్లో పెట్టుకుంది. ఇంకొక పూట ఆగి ఉంటే దక్కేది కాదన్నాడు డాక్టరు. షుగరే. దేవుని దయవల్ల బతికింది, ఇప్పుడు ఇన్సులిన్ మీద బాగానే ఉంది.

ఆ నోటీసు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. క్షమాపణ మాట అంతకన్నా లేదు. నెలాఖరుకు మాత్రం, పిల్లల విషయాలు బయటికి చెబుతోందని సాలమ్మను పనిలోంచి తీసేశారు. నాకు డిగ్రీ ఉంది, జవాబు రాసిచ్చే లాయరు ఉన్నాడు. ఆమెకు ఎవరున్నారు? కరస్పాండెంటుతో ఎంత వాదించినా వినలేదు.

పోతా పోతా ఆమె నన్నడిగింది ఒక్కటే: "పాప అన్నం తింటాందా మేడమ్?"

ఇప్పుడు నేను ఏం చూసినా రాసి, తేదీ వేసి, కవరులో పెట్టి తల్లిదండ్రులకు ఇస్తున్నాను. ఎవరు చెప్పారని అడిగితే, నేనే చూశానని చెప్పేందుకు ముందు నా కళ్లతో చూసుకుంటున్నాను. ఇది చదివినవాళ్లు ఈ రాత్రి ప్రార్థనలో ఒక్కసారి సాలమ్మను తలుచుకోండి.